విరిగిన బోర్డులతో గీసిన దీవి

గరుకక్క పదహారేళ్లుగా ఏటా ఒక సెలవు కాగితం ఇస్తోంది. పదహారేళ్లుగా ఆమె యజమాని దాన్ని రెండు చేతులతో అందుకుని, కళ్లజోడు సర్దుకుని చదివి, "నువ్వు లేకపోతే ఇది కొట్టేనా అక్కా? సరే, చూద్దాం" అని సొరుగులో పెడుతున్నాడు. ఆ తర్వాత మంచి కస్టమర్లను పదిమందిని వెంటేసుకుని సర్ఫింగు చేయడానికి ఓ దీవికి వెళ్లిపోతాడు. గరుకక్క కొట్లో ఉండిపోతుంది.

రేవు వెనక వీధిలో, ఐసు ఫ్యాక్టరీ గోడను ఆనుకుని ఉన్న సర్ఫింగు బోర్డుల కొట్టది. ముందు గదిలో కొత్త బోర్డులు, బోర్డును చీలమండకు కట్టే కాలి తాళ్లు, బోర్డుకు రాసే మైనం బిళ్లలు అమ్ముతారు. వెనక గదిలో విరిగిన బోర్డులు అతుకుతారు. ఆ వెనక గది మొత్తం గరుకక్కే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉప్పుకాగితం పట్టుకుని బోర్డులు రుద్దీ రుద్దీ అరచేతులు అదే కాగితంలా తయారయ్యాయి. ఎవరో చెయ్యి కలిపి "అబ్బ, ఏం గరుకు" అన్నాడట. ఆ మాటే పేరైపోయింది, సొంత పేరు జీతం కాగితం మీదే మిగిలింది.

ఏడాదికి పద్నాలుగు రోజుల సెలవు ఆమె హక్కని చెప్పే కాగితం ముందు గదిలో చట్రం కట్టి గోడకు వేలాడుతూనే ఉంది. దాని మీద ఓ కాలి తాడు తగిలించి ఉంటుంది. అలలు లేచే నెల వదిలేసి, సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా ఉండే రోజుల్లో ఓ రెండు రోజులు, మళ్లీ ఓ రెండు రోజులు ఆమెకు విదిలిస్తారు. యజమాని చెడ్డవాడు కాదు. జ్వరమొస్తే మందులు పట్టుకుని ఇంటికొస్తాడు. అదే చిక్కు. చెడ్డవాడితో పోట్లాడొచ్చు, పొగిడేవాడితో ఎలా పోట్లాడతాం? గరుకక్క ఏనాడూ పోట్లాడలేదు. తలూపి వెనక గదిలోకి వెళ్లిపోయేది.

ఆమె ఆ దీవిని చూడలేదన్న మాటే గానీ, అక్కడి అలతో ఆమెకున్న పరిచయం చుట్టరికం లాంటిది. నడిసముద్రం నుంచి వచ్చే అల, అడ్డూ ఆపూ లేకుండా పరిగెత్తి, దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బను గుద్దుకుని ఒక్కసారిగా లేచి నిలబడుతుందట. మోకాటి లోతు నీళ్ల మీద రెండు నిలువుల గోడ. అక్కడికి వెళ్లొచ్చిన బోర్డులు నేరుగా గరుకక్క బల్ల మీదికి వస్తాయి. ముక్కుకు జానెడు కింద విరిగిందంటే అల అంచు నెత్తిన పడింది. అడుగున గీతలుంటే దిబ్బ గోకింది. తోక చీలిందంటే ఆ మనిషి భయపడి వెనక్కి వాలాడు. చిమటాతో బోర్డు పైపొర ఫైబరు గుడ్డలోంచి పగడపు ముక్కలు పీకుతూ, "ఎక్కడ పడ్డారు సార్? ఏ పక్క?" అని అడిగేది. ఇంటికొచ్చాక, కింది అంతస్తులో దర్జీ పని చేసే అన్నయ్య దగ్గర గుడ్డ కత్తిరించే కాగితం ఒకటి తీసుకుని, దీవి బొమ్మ గీసి, సుద్దతో గుర్తు పెట్టేది. పదహారేళ్లలో రెండువందల పైచిలుకు గుర్తులు. ఆ కాగితం చుట్ట విప్పితే అన్నయ్య కత్తిరింపు బల్ల సగం నిండిపోతుంది.

అలా నిండిన బల్ల చుట్టూనే ఈ కథ మొదలైంది.

అన్నయ్య భార్య సిటీ బస్సు నడుపుతుంది. పద్నాలుగేళ్లుగా వదినా ఆడపడుచులిద్దరూ తెల్లవారకముందే లేచి, బస్సు డ్యూటీ వేళ దాకా ఊరి తీరంలో సర్ఫింగు చేసి, తడి జుట్టుతో పనులకు పోతారు. నలభై దాటిన ఆడవాళ్లకి ఇదేం సరదా అని వీధిలో అన్నవాళ్లందరూ అని అని అలిసిపోయారు.

ఆ సాయంత్రం వదిన యూనిఫాం విప్పకుండానే దర్జీ గదిలోకి వచ్చింది.

"ఆడపడుచు గారూ, కాస్త కూర్చోండి. నిలబడి వింటే పడతారు."

"ఏంటి వదినా, బస్సు గుద్దావా?"

"నోరు కడుక్కో. నా సెలవు ఎప్పుడు పడిందో తెలుసా? వచ్చే నెల ఎనిమిదో తారీఖు నుంచి ఇరవై ఒకటి దాకా."

అన్నయ్య మిషను తొక్కడం ఆపాడు. గరుకక్క నిజంగానే కూర్చుంది. దీవిలో అలలు లేచే సరైన రోజులవి.

వదినకు ఆ సెలవు ఎవరూ దయతలచి ఇవ్వలేదు. డిపోలో ఎనిమిదేళ్ల క్రితం డ్రైవర్లంతా పదకొండు రోజులు బస్సులాపారు. అప్పుడు సాధించుకున్నది ఒక జాబితా. ఏడాది మొదట్లోనే ఎవరి సెలవు ఎప్పుడో రాసి గోడకు అంటిస్తారు. వంతు తిరుగుతూ ఉంటుంది. మేనేజరు సొంత తమ్ముడైనా వరస దాటలేడు. నిరుడు వదినకు ముసురు వానల్లో వచ్చింది, ఈ ఏడు బంగారం లాంటి రోజుల్లో వచ్చింది.

"నేను వెళ్తున్నాను," అంది వదిన. "ఒక విమానం, ఆపైన ఆరు గంటల లాంచీ. కిటికీ పక్క సీటు నాది. నువ్వొస్తావా, ఈయన్ని తీసుకెళ్లమంటావా?"

"నన్నొదిలెయ్ తల్లీ," అన్నాడు అన్నయ్య. "స్నానాల గదిలో బకెట్టు నిండితేనే నాకు గుండె దడ."

"వస్తాను," అంది గరుకక్క. అన్నాక గుర్తొచ్చింది సెలవు సంగతి. "కానీ సార్ చూద్దాం అంటారు."

"అనడా మరి. పదహారేళ్లుగా పనిచేస్తున్న మాట, ఎందుకు మానుకుంటాడు?" వదిన టోపీ తీసి బల్ల మీద పడేసింది. "అసలు నువ్వు లేకపోతే ఆగేదేంటి?"

"బోర్డులు."

"ఎవరివి?"

"కస్టమర్లవి."

"వాళ్లనడిగావా ఎప్పుడైనా, రెండు వారాలు ఆగుతారా అని?"

నిజమే, వాళ్లను ఎవ్వరూ అడగలేదు. పదహారేళ్లుగా వాళ్ల తరఫున యజమానే కంగారుపడుతూ వచ్చాడు.

మర్నాడే ఆమె సెలవు కాగితం ఇచ్చింది. యజమాని చదివాడు, పొగిడాడు, చూద్దామన్నాడు, సొరుగు తెరిచి మూశాడు. ఈసారి ఆమె తలూపలేదు. "సరే సార్" అని వెనక గదిలోకి వెళ్లి, మరమ్మతుకు వచ్చే ప్రతి బోర్డుకూ కట్టే అట్టముక్కల కట్ట తీసింది. వాటి మీద బోర్డు ఎవరిదో, ఏ తారీఖుకు ఇస్తారో రాసి దారంతో కడతారు. ఆ రోజు నుంచి బోర్డు తెచ్చినవాళ్లకు ఆమె చెప్పడం మొదలుపెట్టింది. "ఎనిమిదో తారీఖు లోపల అవుతుందంటే చేసిస్తాను. కాకపోతే ఇరవై రెండు తర్వాతే. మధ్యలో సెలవులో ఉంటాను. ఒప్పుకుంటే ఇక్కడ సంతకం పెట్టండి."

మొదటి రోజు అట్టముక్క చూసి చదివినట్టు చెప్పింది. మూడో రోజుకు అలవాటైంది. చాలామంది ఇంకోమాట అడక్కుండా సంతకం పెట్టి, "ఎక్కడికక్కా?" అనడిగారు. దీవి పేరు చెబితే వాళ్ల కళ్లే ముందు మెరిసేవి.

ఇంట్లో హడావుడి చెప్పనలవి కాదు. అన్నయ్య రెండు బోర్డులకూ లోపల దూది పరుపు పెట్టి సంచులు కుడుతున్నాడు. వదిన బస్సు రూటు పలకల వెనక సామాన్ల పట్టీలు రాస్తోంది. గరుకక్క మాత్రం కాగితం మీద గుర్తులన్నీ లెక్కపెట్టింది. ముప్పాతిక మువ్వీసం దీవి ఉత్తరపు మూల దగ్గరే ఉన్నాయి. అంటే అల లేచేది అక్కడ. బస అక్కడే ఉండాలి. వదిన ఫోనులో ఉత్తరపు మూలన ఒక గది మాట్లాడేసింది. ఇక బోర్డు. అన్నేసి బోర్డులను ముక్కలు చేసిన అలకి మామూలు బోర్డు ఏం నిలుస్తుంది? వెనక గది మూలన వద్దనుకుని పడేసిన, బోర్డులు చెక్కే ఫోం దిమ్మలు రెండున్నాయి. తీసుకోమని యజమాని ఎప్పుడో చెప్పాడు. పని అయిపోయాక రోజూ ఓ గంట కూర్చుని ఒకదాన్ని చెక్కింది. మధ్యలో వెన్నెముకలా వేసే చెక్కబద్ద ఒకటి చాలు, ఆమె రెండు వేసింది. పైన రెండు పొరల ఫైబరు గుడ్డ పరిచే చోట నాలుగు పరిచింది. ప్రాణం పోయినా విరగకూడదు.

విరగలేదు. ఆదివారం పొద్దున్నే ఊరి తీరంలో నీళ్లలోకి దింపితే అది ముందు కదల్లేదు, కదిలాక ఆగలేదు, తిప్పితే తిరగలేదు. నడుమెత్తు అల దాని కిందనుంచి మర్యాదగా తప్పుకుని వెళ్లిపోయింది. ఇలా ఆరుసార్లు. ఏడోసారి అలను పట్టింది గానీ, బోర్డు ముక్కు నీళ్లలో దిగబడి, గరుకక్క గాల్లో పల్టీకొట్టి వదిన పక్కన తేలింది.

వదిన ఆ బోర్డును ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసి, "దీనికో గడియ బిగించు," అంది. "అక్కడ గదికి తలుపు లేకపోతే పనికొస్తుంది."

నవ్వి నవ్వి గరుకక్కకు దగ్గొచ్చింది. కానీ ఇంటికి నడుస్తుంటే గుబులు పట్టుకుంది. బయల్దేరడానికి పదిహేను రోజులే ఉన్నాయి. తేలికగా చేస్తే విరుగుతుంది, గట్టిగా చేస్తే కదలదు. ఇద్దరూ ఆ దీవికి పోయి ఒడ్డున కూర్చుని రావాలా?

సోమవారం కొట్టుకు పళ్ల డాక్టరు వచ్చాడు. ఆయన రిటైరై చాలాకాలమైంది. యజమాని బృందంతో పదకొండేళ్లుగా దీవికి వెళ్తున్నాడు. ఏటా వెళ్లేముందు వచ్చి రెండు మైనం బిళ్లలు కొనుక్కుపోతాడు, అంతే. ఆయన బోర్డు ఒక్కసారి కూడా వెనక గదికి రాలేదు. పాపం, ముసలాయన అక్కడ గొడుగు కింద కూర్చుని వస్తాడు కాబోలని గరుకక్క అనుకునేది.

ఆ రోజు ముందు గదిలో ఎవరూ లేకపోతే ఆమే మైనం ఇచ్చింది. ఆమె ఇంటి నుంచి తెచ్చి కౌంటరు మీద సగం విప్పి పెట్టిన కాగితం చుట్ట చూసి ఆయన, "ఇదేంటమ్మా, దీవిలా ఉందే?" అన్నాడు.

"మేమూ వెళ్తున్నాం డాక్టరు గారూ, వదినా నేనూ. అల ఎక్కడ లేస్తుందో గుర్తులు పెట్టుకున్నాను."

ఆయన కాగితం పరిచి, ముక్కు దాదాపు ఆన్చి చూశాడు. ఉత్తరపు మూలన గుంపుగా ఉన్న సుద్ద గుర్తుల మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ నేను పదకొండేళ్లలో ఒక్కసారి కూడా నీళ్లలో దిగలేదు."

"మరెక్కడ దిగుతారు?"

ఆయన వేలు దక్షిణం వైపు జరిపాడు. అక్కడ కాగితం ఖాళీగా ఉంది.

"ఇక్కడ అల లేదు కదండీ," అంది గరుకక్క.

"ఎవరు చెప్పారు?"

"ఒక్క బోర్డయినా ఇక్కడ విరిగి రాలేదు."

పళ్ల డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని ఆమెకు అర్థమైంది. "నాకూ ఇలాగే అయింది," అన్నాడు. "నా కుర్చీలో కూర్చున్న ప్రతివాడి నోట్లోనూ పుచ్చు పన్నే. ముప్పై ఏళ్లు చూశాక ఈ ఊళ్లో మంచి పన్నన్నదే లేదని మా ఆవిడతో అన్నాను. ఆవిడ, 'మంచి పన్నున్నవాడు మీ దగ్గరికెందుకొస్తాడండీ' అంది. నువ్వు గీసింది అల లేచే చోటు కాదమ్మా. ఎగబడ్డవాళ్లు పడ్డ చోటు."

గరుకక్క కాగితాన్ని తన వైపు తిప్పుకుంది. రెండువందల బోర్డులు చేతుల మీదుగా పోయాయి. విరగకుండా తిరిగొచ్చిన బోర్డులెన్నో, అవి ఏ నీళ్లలో తిరిగాయో, ఆ వెనక గదిలో కూర్చుంటే తెలిసే దారే లేదు. ఎంత జాగ్రత్తగా గుర్తులు పెడితే అంత తప్పు దారి పట్టింది.

సుద్ద ముక్క ఆయన చేతికిచ్చింది. "గీయండి డాక్టరు గారూ."

ఆయన గీస్తూ చెప్పాడు. "పాత దీపస్తంభం మొండెం ఒకటుంటుంది. దాని వెనక తెల్లగోడ. ఆ రెండూ ఒకే గీతలోకి వచ్చేదాకా చేతులతో తోసుకుంటూ పో. అక్కడ కూర్చో. బలంలో అది ఉత్తరపు అల కంటే వీసమెత్తు తక్కువ కాదు, కానీ దిబ్బ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి అల ఒక్కసారే కూలిపోదు, పక్కకి విచ్చుకుంటూ పోతుంది. వచ్చిన మొదటి రెండూ వదిలెయ్. మూడోదాని మీద నువ్వెంత దూరం పోతావంటే, తిరిగి రావడానికి చేతులు నొప్పెడతాయి. అన్నట్టు, బరువు బోర్డు తేవద్దు. అల ముఖం మీద అడ్డంగా ఉరకాలి."

ఆ సాయంత్రం వదిన ఫోను పట్టుకుని ఉత్తరపు మూలన మాట్లాడిన గది వదులుకోవడానికి నానా తంటాలు పడింది. "లేదండీ, మీ గది బాగానే ఉంది. మా ఆడపడుచు దీవిని తలకిందులుగా చదివింది, అంతే." దక్షిణపు వైపు ఒక జాలరి ఇంటి మేడ మీద గది దొరికింది. కిటికీ తీస్తే దీపస్తంభం కనపడుతుందట. వదిన ఫోను పెట్టేసి బస్సు హారను శబ్దం నోటితో చేసింది. అన్నయ్య ఉలిక్కిపడి సంచికి వంకర కుట్టు వేశాడు.

రెండో ఫోం దిమ్మను గరుకక్క ఎనిమిది రోజుల్లో చెక్కింది. ఈసారి విరుగుతుందేమోనని చేతులు ఆలోచించలేదు, పరిగెత్తాలని ఆలోచించాయి. అంచులు పలచగా, తోక సన్నగా, ఒకటే చెక్కబద్ద, రెండే పొరలు. పొరలు వేసే ముందు రుద్దుతుంటే ఫోం దుమ్ము కనుబొమల మీద పేరుకుని, ఆమె ముసలమ్మలా, పసిపిల్లలా రెండు రకాలుగానూ కనపడింది. తొమ్మిదో రోజు పొద్దున గాలివాన వెళ్లిపోయిన మర్నాడు కావడంతో ఊరి తీరంలోనే తలెత్తు అలలున్నాయి. మొదటి రెండూ వదిలేసింది. మూడోదాని మీద లేచి నిలబడగానే బోర్డు తనంతట తానే దారి వెతుక్కున్నట్టు అల ముఖానికి అడ్డంగా దూసుకుపోయింది. కాళ్ల కింద అది సన్నగా పలుకుతున్న చప్పుడు వినిపించింది. గట్టున పడవలు కడుగుతున్నవాళ్లు పని ఆపి చూశారు. వదిన నీళ్లలో కూర్చుని రెండు చేతులూ ఎత్తింది. గరుకక్క ఒడ్డుదాకా వెళ్లి, వెనక్కి తిరిగి పరిగెత్తుకుంటూ నీళ్లలోకి పోయింది. ఆ రోజు వదిన బస్సు పదినిమిషాలు ఆలస్యం.

ఇంకా సెలవు చేతికి రాలేదు.

బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు యజమాని తన బోర్డు వెతుక్కుంటూ వెనక గదిలోకి వచ్చాడు. వరసగా నిలబెట్టిన బోర్డులకు వేలాడుతున్న అట్టముక్కలు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు.

"ఇదేంటక్కా, అన్నిటి మీదా ఇరవై రెండు తర్వాతే రాశావు?"

"సెలవులో ఉంటాను సార్."

"సెలవు నేనింకా ఇవ్వలేదు కదా. చూద్దామన్నాను."

"మీరన్నారు. చూడ్డం నేను చూశాను సార్. ముప్పై ఎనిమిది మందిని అడిగాను. ముప్పై ఆరుగురు ఆగుతామని సంతకాలు పెట్టారు. ఒకాయన కుదరదన్నారు. ఆయనది నిన్ననే చేసిచ్చేశాను."

"ఇంకొకడు?"

"మీ బావమరిది. ఆయన మిమ్మల్ని అడగమన్నారు."

యజమాని మెడ గోక్కున్నాడు. "అది సరేగానీ, అర్జెంటుగా ఎవరైనా వస్తే?"

"ఎవరొస్తారు సార్? అర్జెంటు వాళ్లందరినీ మీరే దీవికి తీసుకెళ్తున్నారు."

ఆయనకు నవ్వొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చబోయి కుదరక నవ్వేశాడు. జేబులోంచి కలం తీస్తూ, "చెప్పుంటే ఎప్పుడో ఇచ్చేవాణ్ణి కదక్కా," అన్నాడు.

"పదహారుసార్లు చెప్పాను సార్. ఇది పదిహేడోది."

ఆయన ముఖంలో నవ్వు కాస్త తగ్గింది. సొరుగు దాకా వెళ్లి, కాగితం తెచ్చి, బోర్డు మీదే పెట్టి సంతకం చేశాడు. పద్నాలుగు రోజులు, ఒక్క రోజు కూడా కోయలేదు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"మేం ఉత్తరపు వైపు ఉంటాం. అక్కడ నా బోర్డు ఏమైనా విరిగితే నువ్వు కాస్త వచ్చి..."

"సెలవులో ఉంటాను సార్," అంది గరుకక్క.

సోమవారం పొద్దున వదినా ఆడపడుచుల ప్రయాణం. కిటికీ సీటు కోసం ఇప్పటికే మూడు గొడవలయ్యాయి. వాళ్లు పెద్ద అల మీద నిలబడతారో, నీళ్లు తాగి వస్తారో ఇంకా తెలీదు. తెలిసింది ఒకటే. ఆమె పదహారేళ్లు ఆగింది అల కోసం కాదు, అడిగి ఉంటే ఎవరూ అడ్డం చెప్పని ఒక సంతకం కోసం. ఆగుతారా అని అడిగితే ముప్పై ఆరుగురు సరేనన్నారు.

కాబట్టి ఇది చదివే మీకో మనవి. బోర్డయినా, కుట్టు మిషనైనా, చెప్పులైనా, ఫోనైనా, మీ వస్తువు అందుకున్న మనిషి "సెలవు తర్వాత ఇస్తాను" అంటే సరేనని సంతకం పెట్టండి. అనకపోతే, "మీకు సెలవెప్పుడు?" అని మీరే అడగండి, యజమానికి వినపడేలా అడగండి. మీరే ఎక్కడైనా పనిచేసేవారైతే, ఎవరి సెలవు ఎప్పుడో రాసిన జాబితా మీ గోడ మీద ఉందేమో రేపు వెళ్లగానే చూడండి. లేకపోతే పక్క బల్ల మనిషిని కలుపుకోండి, ఇద్దరూ కలిసి ఒక కాగితం రాయండి, అందరూ చూసే చోట అంటించండి. పదిహేడో ఏడు దాకా ఆగకండి.